నాలుగో నోటుపుస్తకం

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడలకు నోళ్ళు కూడా ఉండేవి. కింద లాండ్రీ, పైన రెండు గదులు, ఆ రెండు గదుల్లో ఐదుగురు మనుషులు: నాయనమ్మ, నాన్న, అమ్మ, నాన్న తోబుట్టువైన అత్త, ఒక పిల్ల. లోపలి తలుపుల్లో ఒక్కదానికీ గడియ లేదు. ఉన్న ఒక్క గడియా స్నానాలగదిది. అది వేసుకుని కూర్చున్నా సుఖం లేదు. బయట నిలబడి అత్త వీధి కబుర్లన్నీ తలుపుకు చెబుతూనే ఉంటుంది. లోపలివాళ్ళు ఊఁ కొట్టకపోతే, "ఏమైందే, పడ్డావా?" అని తలుపు బాదుతుంది.

ఆ ఇంటి వ్యాపారానికి ఒకటే సూత్రం: జేబు వెతకని బట్ట నీళ్ళలో పడకూడదు. తాతగారి కాలంలో ఎవరి కోటు జేబులోనో కలం ఉండిపోయి నలభై తెల్లచొక్కాలు నీలంగా బయటికొచ్చాయట. అప్పటినుంచి వచ్చిన ప్రతి బట్టనూ తిరగేసి, జేబులు బయటికి లాగి, మడతలు దులిపి, దొరికినవన్నీ ఒక పళ్ళెంలో పెట్టడం వాళ్ళకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. అలవాటు షాపులోనే ఆగుతుందా? మెట్లెక్కి ఇంట్లోకొచ్చింది. సంచి కనిపిస్తే తిరగేస్తారు, ఉత్తరం కనిపిస్తే చింపుతారు, మనిషి దిగులుగా కనిపిస్తే మనిషిని తిరగేస్తారు. పాపం, ఎవరికీ దురుద్దేశం లేదు. అదే అసలు చిక్కు. దురుద్దేశం ఉన్నవాళ్ళతో పోట్లాడొచ్చు. ప్రేమగా జేబులు వెతికేవాళ్ళతో ఏం పెట్టుకుంటాం?

ఆ ఇంటి ఒక్కగానొక్క పిల్లకు మంచి పేరే పెట్టారు గానీ ఆ పేరు బడి రిజిస్టరు దాటి రాలేదు. అందరికీ ఆమె గుండీ. రెండేళ్ళప్పుడు ఎవరిదో కోటు గుండీ మింగేసింది. అది బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ, పక్క షాపు దర్జీతో సహా, కాపలా కూర్చున్నారు. వచ్చిన గుండీని శుభ్రంగా కడిగి కోటుకు కుట్టించి ఇచ్చేశారు. ఆ కోటాయన ఇప్పటికీ కౌంటరు దగ్గర ఈమెను చూస్తే మీసాల్లో నవ్వుకుంటాడు. ఇరవై ఏళ్ళ ఆడపిల్లకు ఆ నవ్వు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

అలాంటి గుండీ పదిహేడో ఏట గ్రంథాలయం గోడ మీద ఒక కాగితం చూసింది. వారానికి మూడు సాయంత్రాలు జపాను భాష నేర్పుతారట. నేర్పే టీచరమ్మ ఒకప్పుడు ఓడల్లో రేడియో ఆపరేటరుగా పనిచేసి వచ్చిన మనిషి. జపాను మీద గుండీకి మోజేమీ లేదు. వారానికి మూడు గంటలు తన పక్కన తనవాళ్ళెవరూ ఉండరన్న మోజు ఒక్కటే. రెండో నెలలో ఒకరోజు అభ్యాసం కోసం ఒక వాక్యం రాసింది: "మా అత్త గురక పెడుతుంది." రాసిన పుస్తకం ఇస్త్రీబల్ల మీద మరిచిపోయింది. గుర్తొచ్చి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అత్తే దాన్ని పట్టుకుని చూస్తోంది.

"ముగ్గులు బానే వేస్తున్నావే," అంది అత్త, పుస్తకం ఇచ్చేసి పోయింది.

ఆ రోజు గుండీ మేడ మీదికెళ్ళి ఆనందం పట్టలేక బకెట్టు తిరగేసి దాని మీద కూర్చుంది. దొరికింది! ఎవరూ వెతకలేని జేబు దొరికింది! ఇక చూడండి, మూడేళ్ళలో పదకొండు నోటుపుస్తకాలు నింపింది. కోపాలు, ఏడుపులు, పక్కవీధి మందులషాపతని ముంజేతుల గురించి రెండు పేజీలు, అన్నీ అందులోనే. పుస్తకాలు మాత్రం అందరి ముందూ పడి ఉండేవి. "మా పిల్ల చదువు" అని నాన్న వచ్చినవాళ్ళకు తీసి చూపించేవాడు కూడా.

నాలుగో నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంది. గుండీకి పద్దెనిమిదేళ్ళు. క్లాసులో ఒకే ఒక స్నేహితురాలు. ఆ పిల్ల తన ఇంట్లో గొడవలన్నీ రాసి, ఎవరికీ చెప్పకు అని ఒక ఉత్తరం ఇచ్చింది. గుండీ దాన్ని లంగా జేబులో పెట్టుకుని మరిచిపోయింది. అమ్మ జేబులు వెతికింది. చిల్లర, దువ్వెనలు, సిగరెట్టు పెట్టెలతో పాటు ఉత్తరాన్నీ పళ్ళెంలో పెట్టింది. అత్త దాన్ని భోజనాల దగ్గర పైకి చదివింది. అత్త నోట్లో నువ్వుగింజ నానదు. రెండో రోజుకు వీధంతా పాకింది, మూడో రోజునుంచి ఆ స్నేహితురాలు గుండీ మొహం చూడలేదు. ఆ సాయంత్రం గుండీ పళ్ళు కొరుకుతూ రాసింది: "అమ్మ చచ్చిపోవాలి. అప్పుడు నా జేబులు ఎవరూ వెతకరు."

వారం తిరక్కుండానే కోపం పోయింది. రాసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మరి చింపెయ్యొచ్చుగా అంటారేమో. పుస్తకం ఎందుకు సన్నబడింది అని అడిగే ఇల్లండీ అది. పైగా ఎవరికీ రాని భాష. ఉండనిచ్చింది.

ఇలా ఉండగా టీచరమ్మ చెప్పాపెట్టకుండా గుండీ పేరు ఎక్కడికో పంపింది. వేసవిలో పది వారాలు జపానులోనే ఉండి భాష చదువుకోవడానికి గుండీ ఎంపికైంది. ఆ సంగతి తెలిపే ఉత్తరం గుండీ కంటే ముందు ముగ్గురు చదివారు, నాయనమ్మ చదివించుకుని వింది. గుండీ క్లాసునుంచి వచ్చేసరికి ఇంట్లో పండగలా ఉంది. నాయనమ్మ ఏడుస్తోంది, అత్త వీధిలో ఉంది, నాన్న కుర్చీ ఎక్కి అటక మీద పెట్టె దించుతున్నాడు.

పది వారాలు! గుండీ ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఒంటరి మంచం, ఒంటరి గిన్నె, గడియ ఉన్న తలుపు.

నాన్న పెట్టె దించి, దుమ్ము దులిపి, గుండెలమీద చెయ్యేసుకుని ప్రకటించాడు. "ఇదిగో, పిల్ల ఒక్కతే అంత భాష మోస్తే బరువు. ఇంకా మూడు నెలలుంది. ఇంట్లో అందరం నేర్చుకుంటాం. పొద్దున్న లేస్తే జపాను, పడుకుంటే జపాను. ఏమే గుండీ, మాకు నేర్పుతావా?"

ఇక్కడ చేసింది గుండీ తప్పు. నాన్న సంగతి తెలుసు, మొదలుపెట్టిన పని ఏదీ వారం దాటదు. అత్త సంగతి తెలుసు, వినడం ఆమె వల్ల కాదు. నాయనమ్మకు కళ్ళు కనబడవు. వీళ్ళా నేర్చుకునేది అనుకుని, ఆ ఆనందంలో, తను మూడేళ్ళుగా రాసుకున్న మాటల పుస్తకం తెచ్చి ఇచ్చేసింది. ఒకవైపు జపాను మాట, ఎదురుగా మన మాట. మొదటి పేజీలో అక్షరాల పట్టిక. కొరివితో తల గోక్కోవడమంటే అదే మరి.

అనుకున్నట్టే నాన్న మొదటి వారం ఉత్సాహంగా ఇల్లంతా చీటీలు కట్టాడు. బట్టలకు కట్టే చీటీలే. తలుపుకొకటి, బకెట్టుకొకటి, బాయిలరుకొకటి, తగిలించిన కోటు జేబుకొకటి. నాయనమ్మ చేతికర్రకు కూడా కట్టబోతే అదే కర్రతో ఒకటి తగిలించింది. రెండో వారానికి ఆయన చేతులెత్తేశాడు. అత్తకు నమస్కారం చెప్పడం ఒక్కటి వచ్చింది, దాన్నే వచ్చిన ప్రతి గిరాకీ మీదా ప్రయోగించేది.

ఆ ఇంట్లో అమ్మను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గుండీ కూడా తీసుకోలేదు. అమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది. మాట తక్కువ. పొద్దున్న ఐదింటికి దిగితే ఇస్త్రీబల్ల వదలదు. అయితే ఆమె ఇంకో పని చేసేది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి కాలరు లోపల చెరగని సిరాలో ముంచిన పుల్లతో ఒక గుర్తు వేయాలి. ఒకరికి గీత కింద రెండు చుక్కలు, ఒకరికి కొక్కెం, ఒకరికి నిచ్చెన. పద్నాలుగు వందల ఇళ్ళ గుర్తులు. వాటికి పుస్తకం లేదు, అన్నీ అమ్మ కళ్ళలోనే. ఆరేళ్ళు రాని గిరాకీ వచ్చినా, కాలరు తిప్పి చూసి, "పోస్టాఫీసు వెనక మేడ, పెద్దాయన పోయారు కదా, కొడుకువా బాబూ?" అనేది. అలాంటి మనిషికి ఆ అక్షరాలొక లెక్కా! మాటల పుస్తకం ఇస్త్రీబల్ల అంచున నిలబెట్టుకుని, చొక్కాకొక మాట చొప్పున మింగుతూ కూర్చుంది. ఎవరూ చూడలేదు.

ఆరో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ మొదటి నోటుపుస్తకం చేతిలో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, "అత్త... గురక... పెడుతుంది. ఇదేనా గుండీ?" అంది.

నాన్న పడీపడీ నవ్వాడు. నాయనమ్మ, "నిజమేగా!" అంది. అత్త మొహం మాడ్చుకుంది. "ముగ్గులనుకున్నానే! ఇదా నువ్వు వెలగబెట్టే చదువు!" గుండీ కూడా నవ్వింది, నవ్వకపోతే అనుమానం వస్తుంది కాబట్టి. లోపల మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇన్నాళ్ళూ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది.

అక్కడినుంచి మొదలైంది అవస్థ. నాలుగో పుస్తకం మాయం చేయాలి. ఎక్కడ? పెట్టెలో అడుగున పెడితే, అమ్మ ఆ పెట్టెను వారానికి రెండుసార్లు విప్పి సర్దుతోంది. పరుపు కింద పెడితే నాయనమ్మకు గుచ్చుకుంటుంది. టీచరమ్మ దగ్గర దాచమని తీసుకెళ్ళింది, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "ఏం రాశావో చూడనా?" అని తెరవబోతే లాక్కుని వచ్చేసింది. వీధిలో నడుస్తుంటే ఇంకో సంగతి తట్టి కాళ్ళు ఆగిపోయాయి. తను వెళ్ళబోయే చోట దారిన పోయే ప్రతివాడికీ ఇది చదవడం వచ్చు! దాక్కోవడానికి వెతుక్కున్న గుహ తీరా చూస్తే బస్టాండు.

నాన్నకు తెలిస్తే ఏం జరుగుతుందో గుండీకి స్పష్టంగా తెలుసు. కన్నతల్లి చావు కోరిన పిల్లను వీధి దాటించడు, ఇక దేశం దాటించడమా! పెట్టె మళ్ళీ అటకెక్కుతుంది. పది వారాలు పోతాయి. గడియ ఉన్న తలుపు పోతుంది. ఇస్త్రీబల్లకు ఇటు అమ్మ, అటు తను, జీవితాంతం. అంతకంటే ఘోరం, అమ్మకు తెలుస్తుంది. అమ్మకు ఇప్పటికే తెలుసా? ఎంతవరకు చదివింది? మొహం చూస్తే ఏమీ అంతుపట్టదు. అమ్మ చొక్కాలు చేస్తూనే ఉంది, పెట్టె సర్దుతూనే ఉంది. గుండీ కుడితిలో పడ్డ ఎలుకలా ఆ రెండు గదుల్లోనే గిలగిలా కొట్టుకుంది.

ప్రయాణం నాలుగు రోజులుందనగా తెగించింది. నాన్న బట్టలివ్వడానికి వెళ్ళిన సమయం చూసి బాయిలరు పొయ్యి తలుపు తెరిచింది. ఆ ఒక్క పేజీ చింపి వేద్దామని లాగింది. సగం చిరిగింది. అంతలో వెనకనుంచి నాన్న కేక: "ఏయ్! చదువును కాలుస్తావా!" చెప్పుల కోసం తిరిగొచ్చాడట. పుస్తకం లాక్కుని, కళ్ళకద్దుకుని, మసి తుడిచాడు.

"పాతది నాన్నా. తప్పుల తడక. బరువని..."

"బరువైతే చెప్పులు తీసేసి పోదువు గానీ, పుస్తకం తియ్యడమేంటి! తప్పులైనా నీ చేత్తో రాసినవి కదా." ఆయన గొంతు గద్గదమైంది. "అసలు ఆ గురక ముక్క తప్ప ఏం రాశావో ఒక్కటైనా విన్నామా మేము?"

అంతే, ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. సాయంత్రం షాపు మూశాక దర్జీని పిలిచాడు, టీ పెట్టించాడు, అందరినీ పెద్దగదిలో కూర్చోబెట్టాడు. పుస్తకం అమ్మ ఒళ్ళో పెట్టాడు. "ఏమే, చదువు. నీ కూతురు ఏం రాసిందో అందరూ విననీ. ఏడో తరగతి చదివిన మా ఆవిడ జపాను చదువుతుందయ్యా దర్జీ, విను!"

"వద్దు నాన్నా," అంది గుండీ.

"సిగ్గేంటే మన మధ్య!"

సగం చిరిగిన చోటే పుస్తకం తెరుచుకుంది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వేలు పెట్టింది. ఒక్కొక్క అక్షరం పలికింది. ఆ రెండు వాక్యాలూ, గుండీ రాసినవి రాసినట్టుగా, అమ్మ గొంతులో గదంతా వినిపించాయి. అవతల దర్జీ చప్పట్లు కొట్టాడు.

"బాగుంది, అర్థం చెప్పు వదినా," అంది అత్త. "నా గురించేనా మళ్ళీ?"

అమ్మ పేజీ వైపు చూసింది. గుండీ వైపు చూడలేదు. మామూలు గొంతుతో, "'అమ్మకు చేతులు నొప్పి. అమ్మను కాసేపు కూర్చోనివ్వాలి' అని రాసింది," అంది.

నాయనమ్మ కర్రతో కొడుకు మోకాలి మీద ఒకటి వేసి, "విన్నావురా? పద్దెనిమిదేళ్ళకే పిల్లకున్న బుద్ధి నీకుందా?" అంది. నాన్న తల దించుకున్నాడు. ఆ వాక్యాల్లో చేతులన్న మాట లేదు. జేబులన్న మాట ఉంది, కళ్ళెదురుగా గోడకున్న కోటు మీద చీటీ కట్టి ఉన్న మాటే, అమ్మ పొరబడేది కాదు. జేబులో దొరికిన విరిగిన గుండుసూదిని కూడా దాచుకోకుండా తిరిగిచ్చే మనిషి, జీవితంలో మొదటిసారి, అందరి ముందూ అబద్ధం చెప్పింది. అంటే మొత్తం తెలుసు. గుండీ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. టీ చల్లారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ కిందినుంచి పిలిచింది. "గుండీ, దుప్పట్లు మడతపెట్టాలి. రా."

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడాలి, దులపాలి, దగ్గరికి నడవాలి, అంచులు కలపాలి, మళ్ళీ దూరం జరగాలి. కౌంటరు దగ్గర అత్త ఎవరికో జపాను నమస్కారం పెడుతోంది. అమ్మ వెళ్ళి బట్టలారబెట్టే యంత్రం మీట తిప్పింది. అది గడగడా తిరగడం మొదలుపెట్టింది. లోపల ఒక్క బట్ట కూడా లేదు.

"ఇప్పుడు మాట్లాడు," అంది అమ్మ.

గుండీ దుప్పటి అంచు పట్టుకుని దగ్గరికి నడిచింది. "ఎప్పుడు చదివావమ్మా?"

"నెలయింది."

"నెలా! మరి నా పెట్టె సర్దుతూనే ఉన్నావు?"

"సర్దకపోతే ఎందుకు సర్దలేదని అడుగుతారు."

దూరం జరిగారు. దులిపారు. మళ్ళీ దగ్గరికొచ్చారు. "అమ్మా, అది కోపంలో రాశానమ్మా. నిజంగా కాదు. ఒట్టు."

"తెలుసు. తేదీ వేశావుగా. ఆ రోజు నాకూ గుర్తుంది. ఆ ఉత్తరం నేను పళ్ళెంలో పెట్టకుండా ఉండాల్సింది." అమ్మ అంచులు సరిచేసింది. "చదివాక మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదే. నిజం చెప్పొద్దూ, చాలా బాధేసింది."

"ఏడ్చావా?"

"ఎక్కడ ఏడవమంటావు?"

గుండీ చేతుల్లో దుప్పటి ఆగిపోయింది.

"స్నానాలగదిలోకెళితే బయట మీ అత్త. బాయిలరు దగ్గర మీ నాన్న. మేడ మీద నాయనమ్మ ఎండకు కూర్చుంటుంది. పొద్దున్న మీ అందరికంటే ముందు లేద్దామంటే, నేను లేస్తే మీ నాన్నా లేస్తాడు. నెల రోజులు చూశాను. ఇరవై మూడేళ్ళయింది ఈ ఇంటికొచ్చి, ఏడుపొస్తే తప్ప తెలియలేదు నాకు చోటు లేదని." అమ్మ మడత ముగించి దుప్పటిని దొంతర మీద పెట్టింది. "అప్పుడర్థమైంది, నువ్వు ఈ రాతలెందుకు పట్టుకున్నావో. ఖాళీ పుస్తకం ఒకటుందా?"

"ఎందుకు?"

"చదవడం వచ్చేసింది. రాయడానికే చెయ్యి తిరగడంలేదు. వెళ్ళేలోపు నేర్పు. నేనూ రాసుకుంటాను."

గుండీ పైకి పరుగెత్తి పన్నెండో పుస్తకం తెచ్చింది, జపానులో రాసుకుందామని కొనుక్కున్నది. ఇస్త్రీబల్ల మీద ఉతికిన బట్టలు జరిపి, అమ్మ చేతిని తన చేతితో పట్టుకుని నాలుగు అక్షరాలు దిద్దించింది. అమ్మ చెయ్యి ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాసిపోయి ఉంది. కలం అందులో నిలవడం లేదు. అయిదో అక్షరానికి నిలిచింది.

"రాయమ్మా," అంది గుండీ. "నీ ఇష్టం. ఏదైనా రాయి."

అమ్మ కలం ఎత్తింది. గుండీ తనకు తెలియకుండానే ముందుకు వంగింది. ఏం రాస్తుంది? నాన్న గురించా? తన గురించా? చూడాలని ప్రాణం లాగేసింది. అమ్మ కలం మూసేసి పుస్తకం బోర్లించింది.

"ఇప్పుడు కాదు. నువ్వెళ్ళాకే."

"ఏం?"

"ఈ ఇంట్లో అది చదవగలిగేదానివి నువ్వొక్కదానివే కదే."

మాట మామూలుగానే అంది, మీ నాన్నకు టీ ఇచ్చావా అని అడిగినట్టే. అమ్మ పుస్తకాన్ని బల్ల మీద పరిచిన కంబళి కిందికి తోసి, పైన చెయ్యి పెట్టి చదును చేసింది. తర్వాత కొంచెం మొహమాటంగా అడిగింది.

"పది వారాలేనా గుండీ? ఇంకాస్త పొడిగించరా వాళ్ళు?"

ఆ అడగడంలో దిగులు లేదు. ఆశ ఉంది. బిడ్డ దూరమవుతుందన్న బెంగ కాదు, తనకు దొరికేది పది వారాలేనా అన్న లెక్క. పది వారాలు అన్న మాటను తను ఎలా చప్పరించిందో గుండీకి తెలుసు, అందుకే ఆ గొంతును పోల్చుకుంది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కౌంటరు వైపు చూసింది, మెట్ల వైపు చూసింది, బాయిలరు వైపు చూసింది.

అమ్మ యంత్రం మీద ముల్లు చూసింది. "ఇంకా నాలుగు నిమిషాలు తిరుగుతుంది," అంది. "కానివ్వు. త్వరగా."